జహీరున్నీసా ఇష్టం

కిందటేడాది దాకా జహీరున్నీసాని మీరేం అడిగినా ఒక్కటే జవాబు వచ్చేది: "మీ ఇష్టం." కూరేం వండమంటావని అడగండి, పండక్కి ఏ రంగు చీర తేమంటావని అడగండి, ఫ్యాను వేయనా ఆపనా అని అడగండి. మీ ఇష్టం. అదీ మొహం మాడ్చుకుని కాదు, నవ్వుతూ. పర్చూరు బజారులో ఆమెకి ఎంత మంచి పేరో చెప్పలేను. "జహీరా అంటే జహీరాయేనమ్మా, నోట్లో వేలు పెట్టినా కొరకదు" అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళంతా పొగడ్త అయ్యాక ఆమె చేత ఏదో ఒక పని చేయించుకుని పోయేవాళ్ళే. నాకు అదే ఒళ్ళుమంట.

ఆమె పెనిమిటి బుడాన్ దూదేకుల కుటుంబంవాడు. తాతల నాటి వృత్తి. బజారులో వీళ్ళది పరుపుల కొట్టు. ముందు గదిలో దూదేకే మిషన్, వెనక గదిలో జహీరున్నీసా. ఆయన దూది ఏకితే ఆమె చారల గుడ్డతో సంచి కుట్టి, దూది నింపి, బెత్తంతో కొట్టి సమంగా పరిచి, దబ్బనంతో టాకాలు వేస్తుంది. బుడాన్ మంచివాడే. కాకపోతే ఇంట్లో రెండో గొంతు ఉంటుందన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషేమో మీ ఇష్టం అంటూ కూర్చుంది.

వీళ్ళ ఒక్కగానొక్క కూతురు మెహర్ బి.ఎడ్. చదువుతోంది. చదువంటే ఆ పిల్లకి గట్టిగా చదవడమే. పరీక్షలొస్తే ఇంట్లో అందరికీ పాఠాలు వచ్చేస్తాయి. కిందటేడాది ఒక మధ్యాహ్నం తల్లి పరుపు కుడుతుంటే, పక్కన గోడకి ఆనుకుని తత్వశాస్త్రం పేపరు చదువుతోంది. అందులో అస్తిత్వవాదం అని ఒక పాఠం.

"ఏందే ఆ వాదం? పలకడానికే నోరు తిరగట్లేదు" అంది జహీరున్నీసా.

"ఏం లేదమ్మా. నువ్వు కుట్టే పరుపు ఉంది కదా, అది దేనికో కుట్టకముందే నీకు తెలుసు. మనిషి అట్లా కాదంట. ముందు పుడతాడు. తను ఎలాంటివాడో తర్వాత తనే తేల్చుకుంటాడు, రోజూ చేసే పనులతో."

"బాగానే ఉంది. తేల్చుకోకపోతే?"

"తేల్చుకోకుండా ఊరుకోవడం కూడా తేల్చుకోవడమేనంట. నేనేం చెయ్యలేదు, వాళ్ళు చెప్పారు, నా తత్వమే ఇంత అంటే కుదరదంట. అది కూడా నువ్వు ఏరుకున్నదే."

జహీరున్నీసా దబ్బనం ఆపేసింది. "అంటే ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో వంకాయ వండింది నా ఇష్టంతోనా?"

మెహర్ పుస్తకం మూసి తల్లి మొహంలోకి చూసింది. "నీకు వంకాయ ఇష్టం లేదా అమ్మా?"

తనకి ఇష్టమో కాదో జహీరున్నీసాకి నిజంగా తెలియదు. ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. కూతురు పరీక్ష రాసి ఆ పాఠం మర్చిపోయింది కానీ, తల్లికి మాత్రం అది చెవిలో జోరీగలా పట్టుకుంది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నెమ్మది మీద తేలిందేమిటంటే అది తన మీదే.

మర్నాటి నుంచి రోజుకి ఒక్క పనైనా తన ఇష్టానికి చేయాలని పెట్టుకుంది. పెద్ద వ్రతమేం కాదు. ఎవరికీ చెప్పలేదు కూడా. మొదటిరోజు కూరగాయల బండి దగ్గర నిలబడింది. బండివాడు ఖాజావలి "ఏం ఇమ్మంటావు పిన్నీ?" అన్నాడు. అలవాటు కొద్దీ "నీ ఇష్టం" అనబోయి నాలుక కరుచుకుంది. తర్వాత ఏమనాలో తోచలేదు. బెండకాయ పట్టుకుంది, వదిలింది. దొండకాయ పట్టుకుంది, వదిలింది. వెనక నలుగురు చేరారు. "పిన్నీ, పెళ్ళికూతుర్ని చూసుకోవడానికి వచ్చావా ఏంది?" అన్నాడు ఖాజావలి. ఆఖరికి చుక్కకూర కట్ట తీసుకుని, దొంగతనం చేసినదానిలా ఇంటికి వచ్చింది.

అలా మొదలైంది. చుక్కకూర పప్పు తనకి చాలా ఇష్టమని, వంకాయ అంటే అసలు పడదని తెలిసింది. టీలో చక్కెర తగ్గిస్తే బాగుంటుందని తెలిసింది. పొద్దున నమాజు అయ్యాక వెంటనే పొయ్యి దగ్గరికి పరిగెత్తకుండా కాసేపు మేడ మీద కూర్చుంటే, రోజంతా మనసు నిమ్మళంగా ఉంటుందని తెలిసింది. ఆడపడుచు షాజాదీ ఫోన్ చేసి "మా ఇంటి పాత పరుపులన్నీ విప్పి కుట్టిపెట్టు" అంటే, "ఇప్పుడు కాదు వదినా, రంజాన్ అయ్యాక" అంది. షాజాదీ మాట్లాడటం మానేస్తుందనుకుంది. ఆవిడ రంజాన్ అయ్యాకే పంపింది. అన్నీ బాగానే అయ్యాయని కాదు. సొంతంగా ఏరి కొనుక్కున్న ఆకుపచ్చ చీర ఒక్క ఉతుక్కే వెలిసింది. అయినా దాన్నే కట్టుకుని తిరిగింది.

బుడాన్ ఇవేవీ పట్టించుకోలేదు. వంకాయ తగ్గిందని మాత్రం రెండుమూడు సార్లు సణిగాడు.

ఈ ఏడాది మొదట్లో ఒక ఫోం పరుపుల కంపెనీ ఏజెంటు కొట్టుకి వచ్చాడు. దూది పరుపులు ఇంకెవరు వాడతారు బాబాయ్, మిషన్ తీసేసి మా ఏజెన్సీ పెట్టుకో, కూర్చుని అమ్ముకోవడమే అన్నాడు. బుడాన్‌కి ఆ మాట తీపిగా తగిలింది. నడుం నొప్పి, దూది దుమ్ముకి దగ్గు. ఆయన్ని తప్పు పట్టలేం. రాత్రి అన్నం తింటూ, మజ్జిగ పోయమన్నంత మామూలుగా అడిగాడు.

"మిషన్ అమ్మేసి ఫోం పెడదామనుకుంటున్నా. ఏమంటావు?"

"నాకిష్టం లేదు."

బుడాన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నావు?"

"నాకిష్టం లేదండీ. ఈ పని నాకు ఇష్టం. దూది నా చేతిలో పడ్డాక అది పరుపు అయ్యేదాకా నాకు ఇంకేమీ గుర్తుండదు. ఫోం వస్తే నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని దుమ్ము తుడుచుకోవాలి. నావల్ల కాదు."

మర్నాడంతా బుడాన్ మొహం గంటు పెట్టుకునే తిరిగాడు. ఆ మర్నాడు తేల్చేశాడు. "సరే. ఇష్టం అన్నావుగా. ఈ పెళ్ళిళ్ళ సీజను నువ్వే నడుపు. దూది కొనడం, ఆర్డర్లు, అన్నీ నీవే. నేను మిషన్ తిప్పుతా, అంతే. ఏజెంటుని ఉగాది దాకా ఆగమంటా. ఈలోపు తేడా వచ్చిందా, ఫోమే. మళ్ళీ నోరెత్తకూడదు."

"సరే" అంది. ఇష్టం చెప్పడం ఒక ఎత్తు, ఆ ఇష్టాన్ని మోయడం ఇంకో ఎత్తు. బి.ఎడ్. పాఠంలో ఈ సంగతీ ఉందట. కాలేజీ హాస్టల్ నుంచి మెహర్ ఫోన్లో చెప్పింది. "ముందే చెప్పి చావొచ్చుగా" అని తల్లి కసిరింది.

కానీ నడిపింది. దూది తనే చేత్తో పీకి చూసి కొన్నది. బేరాలు తనే ఆడింది. అద్దంకి రోడ్డు నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. పొద్దున మేడ మీద కూర్చున్నప్పుడు తనలో తనే నవ్వుకునేది. ఇంత సంతోషం ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అనిపించేది.

మాఘమాసంలో సుబ్బరావమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. పొగాకు, మిర్చి పండించే ఇల్లు. మనిషి గట్టి, గొంతు ఇంకా గట్టి. కూతురు నాగజ్యోతి పెళ్ళి, అల్లుడు ప్రేమ్‌చంద్‌ది మంగళగిరి. "జహీరా, పిల్లలు పడుకునే పరుపు. నీ చేతిది మెత్తగా ఉంటుందని ఊరంతా చెప్పుకుంటారు. మాట రాకూడదు" అంది. జహీరున్నీసా ఆ పరుపుకి అందరికన్నా మంచి దూది తీసి పెట్టింది.

ఇంతలో అకాల వాన ఒకటి పడి కొట్టు కురిసింది. దూది చెమ్మగిల్లింది. చెమ్మ దూది ఏకితే ఉండలు కడుతుంది. ఎండబెట్టడానికి మేడ మీద పరచాలంటే చాలినంత టార్పాలిన్ పట్టా లేదు. జహీరున్నీసా సుబ్బరావమ్మ ఇంటికే వెళ్ళి, వాళ్ళ దొడ్లో మడిచి ఉన్న పెద్ద పట్టా అడిగి తెచ్చింది. బాగా దులిపింది. ఎండ కాసింది, దూది ఆరింది, ఏకారు, కుట్టింది, పెళ్ళి ముందురోజుకి ఇచ్చేసింది.

ఆ పట్టా మీద అంతకుముందు వారమంతా మిరపకాయలు ఆరబోశారు. దులిపితే పోయేది కాదది. మరి ఏకేటప్పుడు తెలియలేదా అంటారేమో. బుడాన్ తుమ్మాడు, జహీరున్నీసా తుమ్మింది, ఎదురు కొట్టు మాలిక్ కూడా తుమ్మాడు. కానీ ఆ నెలల్లో మా వైపు తుమ్మని వాడెవడు? కల్లాల్లో మిర్చి, లారీల్లో మిర్చి, గాలంతా మిర్చి. ఆ రోజుల్లో ఘాటు తగిలితే అది గాలి అనుకుంటాం తప్ప ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతకం. పర్చూరు ముక్కులు అలాంటివి. మంగళగిరి ముక్కు అలాంటిది కాదు.

పెళ్ళయిన మూడోనాడు పొద్దున్నే సుబ్బరావమ్మ కొట్టు ముందు నిలబడింది, అగ్గి మీద గుగ్గిలంలా. "ఏం పరుపు కుట్టావే తల్లీ! అల్లుడు కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. వియ్యపురాలు ఫోన్ చేసి మావాణ్ణి ఏం చేశారంటోంది. ఏం చెప్పుకోను?"

బజారు ఆగి వింటోంది. జహీరున్నీసాకి పట్టా సంగతి ఒక్కసారిగా తట్టింది. బుడాన్‌కీ తట్టింది. ఆయన వెంటనే ముందుకొచ్చాడు. భార్యని నలుగురిలో తగ్గనివ్వడం ఆయనకి చేతకాదు. "ఏందక్కా, పట్టా మీదేగా? మిర్చి ఆరబోసిన పట్టా ఇస్తున్నామని మీరు ఒక్క మాట చెప్పాలి కదా? మా తప్పేముంది?"

ఆ మాట నిజమే మరి. అక్కడితో ఊరుకుంటే గొడవ సర్దుకుపోయేది. పరుపు తప్పు పట్టా మీదికి, పట్టా తప్పు సుబ్బరావమ్మ మీదికి పోయేది. జహీరున్నీసా మంచితనం మంచితనంగానే ఉండేది. ఆమెకీ అలా ఊరుకోవాలని ఎంతో అనిపించింది.

"కాదక్కా" అంది. "పట్టా అడిగి తెచ్చింది నేను. మీ ఇంట్లో ఈ నెలలో పట్టా దేనికి వాడతారో నాకు తెలియదా? చూసుకోవాల్సింది నేను. పరుపు తెప్పించు. సంచితో సహా మొత్తం తీసేసి, కొత్త దూదితో సాయంత్రానికి ఇస్తా. అల్లుడికి నేనే వచ్చి చెప్తా."

"చూసి ఇవ్వాల్సింది నేనూనూ" అని సుబ్బరావమ్మ గొణిగి వెళ్ళిపోయింది. సాయంత్రం జహీరున్నీసా పరుపు వెంట వెళ్ళింది. ప్రేమ్‌చంద్ మంచి కుర్రాడు. "అత్తగారి ఊరు గుర్తుండిపోయిందండీ" అని నవ్వాడు. నాగజ్యోతి సిగ్గుతో లోపలికి పోయింది.

ఇంటికి వచ్చేసరికి బుడాన్ కొట్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్. ఏజెంటు చేశాడట, ఉగాది దగ్గర పడింది, ఏం తేల్చారని. పక్కన కూర్చుంది. నడుం విరిగిపోతోంది.

"తేడా వస్తే ఫోమన్నాను" అన్నాడు బుడాన్. గొంతులో కోపం లేదు. "పొద్దున నేను తప్పుని వాళ్ళ మీదికి తోసేద్దామనుకున్నా, నువ్వు ఒప్పుకోలేదు. ఇప్పుడేం చెప్పను వాడికి?"

ఎంత అలిసిపోయిందంటే, ఒక్క క్షణం ఆ పాత మాట నాలుక చివరికి వచ్చేసింది. అనేస్తే హాయి. రేపటి నుంచి వాన పడినా, దూది చెమ్మగిల్లినా, ఎవరి అల్లుడు తుమ్మినా తనకి సంబంధం ఉండదు. ఆ హాయి ఎలాంటిదో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? బతుకులో చాలా భాగం అందులోనే గడిపింది.

"వద్దని చెప్పండి" అంది.

"మళ్ళీ ఇట్లాంటిది జరిగితే?"

"జరుగుద్ది. ఎందుకు జరగదు?" అంది జహీరున్నీసా. "అప్పుడూ నేనే విప్పి కుడతా."

బుడాన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మా ఆవిడకి ఇష్టం లేదండీ" అని ఏజెంటుకి చెప్పాడు.