ముక్కు చక్రానికి కట్టిన గుడ్డ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక గుడ్డముక్క. నూనె మరకలున్న పాత గుడ్డ. యాదగిరి దాన్ని కట్టాడు. నేను చూశాను. చూడలేదన్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. రోజూ డైరీ రాసే మనిషిని. ఆ రోజు మాత్రం వాన గురించి, బోనాల గురించి రాసి మూసేశాను.

ఊళ్లో పాత విమానాశ్రయం నడుస్తున్న రోజుల్లో అక్కడ మెకానిక్‌గా పనిచేశాను. యాదగిరి విమానాలు కడిగేవాడు. నాది ఉప్పుగూడ, అతనిది ఫలక్‌నుమా. ఇద్దరం ఒకే రైల్లో పోయి వచ్చేవాళ్లం.

ఆ ఆదివారం మా బస్తీలో బోనాలు. ఉదయం దిగిన చిన్న విమానం పైలట్ ఒక సంగతి చెప్పి వెళ్లాడు. విమానం ముందుభాగం కింద ఉండే ముక్కు చక్రం దిగి బిగుసుకుందని తెలిపే పచ్చ దీపం ఒకసారి ఆరి వెలిగిందట. అప్పుడు చేయాల్సినవి రెండు పనులు. పైన పైలట్ గదిలో బల్బు మార్చాలి. కింద చక్రం గూట్లోకి దూరి, ఆ దీపాన్ని వెలిగించే స్విచ్‌ను తుడిచి చూడాలి. బల్బు మార్చాను. వెలిగింది. ఇంట్లో నా భార్య బోనం ఎత్తే వేళవుతోంది. గూట్లోకి దూరితే బట్టలు బురదవుతాయి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందా అని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు. రెండు పనులూ అయ్యాయని చెప్పాను.

తర్వాత యాదగిరి చక్రాలు కడిగాడు. పైపు పట్టే ముందు స్విచ్ మీద నీళ్లు పడకుండా గుడ్డ కట్టడం అతని పద్ధతి. కడిగాక విప్పి, నాకు చూపించి, జేబులో పెట్టుకున్నాడు. నేను తలూపాను.

నా తర్వాత పనికి రావాల్సినవాడు వానలో చిక్కుకున్నాడు. అందుకే ఆ విమానం మళ్లీ ఎగిరి వెళ్లి తిరిగొచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. అది దిగబోతుండగా, పైలట్ ముందు చక్రానికొకటిగా ఉండే మూడు పచ్చ దీపాల్లో రెండే వెలిగాయి. ముక్కుది వెలగలేదు. అగ్నిమాపక బండ్లు రన్‌వే పక్కకు ఉరికాయి. విమానం నేల తాకకుండా మళ్లీ పైకి లేచింది.

లోపల ఏం జరిగిందో తర్వాత కో-పైలట్ చెప్పాడు. కెప్టెన్ విమానం నడపడం మీదే మనసు పెట్టాడు. ఇతను పుస్తకం తెరిచి ఒక్కో పనీ పైకి చదివాడు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి పలికాకే తర్వాతి పని. బల్బు చూశారు. చేత్తో చక్రం దించే పద్ధతీ చేశారు. టవర్ మీదుగా కిందుగా ఎగిరి, చక్రం కనిపిస్తోందా అని అడిగారు. కనిపిస్తోంది, బిగుసుకుందో లేదో చెప్పలేమని జవాబొచ్చింది. తెలియదనే మాటను కూడా వాళ్లు ఉన్నదున్నట్టు తిరిగి పలికారట.

చివరికి విమానం వెనక చక్రాల మీద దిగింది. ముక్కును గాల్లోనే నిలిపి నిలిపి, ఇక నిలవదన్నప్పుడు మెల్లగా ఆనించారు. చక్రం నిలిచింది. అది మొదటినుంచీ బిగుసుకునే ఉంది. స్విచ్‌లో తడి బురద, అంతే. దిగినవాళ్లలో ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని, ఎందుకు పట్టుకుందో తనకే తెలియనట్టు నవ్వుతోంది.

ఆ కెప్టెన్‌కు, ఆ కో-పైలట్‌కు నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. హంతకుణ్ని కాకుండా నన్ను కాపాడింది వాళ్లు. మరి నేను ఏం చేశాను?

సూపర్‌వైజర్ అడిగాడు. "స్విచ్ తుడిచినవా?"

"తుడిచిన సార్."

"మరి తడెట్లొచ్చింది? కడిగినోడెవడు?"

"నేనే సార్," అన్నాడు యాదగిరి. "గుడ్డ కట్టే కడిగిన. పెండ్లికొడుక్కి రుమాలు కట్టినట్టు కడ్తనని అందరు నవ్వుతరు గద!" నా వైపు తిరిగాడు. "అన్నా, నీకు చూపెట్టిన గద. జర చెప్పన్నా."

"నేను చూడలే యాదగిరి."

మర్నాటి నుంచి అతనికి సామాను బండ్ల పని. విమానం దగ్గరకు రానివ్వలేదు. రైల్లో నా పక్కనే కూర్చుని, "పోనీ తియ్యన్నా. ఇమానం దిగింది, గది సాలు. పెట్టెలు మోస్తే ఒళ్లన్న గట్టివడ్తది," అన్నాడు. నన్ను ఒక్క మాటా అడగలేదు. నేను నిజంగానే చూడలేదనుకున్నాడా? లేక తెలిసే ఊరుకున్నాడా? ఏటా బోనాలకు మా ఇంటికొచ్చి భోంచేశాడు. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నం తెచ్చింది అతనే. అతని మంచితనాన్ని కృతజ్ఞతతో తీసుకుంటూనే వచ్చాను. దొంగసొత్తులా దాచుకుంటూనూ వచ్చాను.

గాల్లో వేలాడుతూ ఆ పైలట్లిద్దరూ ఉన్నమాట చెప్పుకోగలిగారు. గట్టి నేల మీద నిలబడి నేను చెప్పలేకపోయాను.

నిన్న ఫలక్‌నుమా వెళ్లాను. యాదగిరి గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను.

"నేను స్విచ్ తుడవలే యాదగిరి. నువ్వు గుడ్డ కట్టినవ్. నేను చూసిన."

అతను వీధి వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా ఆపి ఆపి అన్నాడు.

"నువ్వు తుడవలే. నేను కట్టిన. నువ్వు చూసినవ్."

లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అతని భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగి, కప్పు గడప మీద పెట్టి, స్టేషన్‌కు నడిచాను.

క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు. చెప్పింది చెప్పినట్టు తిరిగి పలికాడు. అందుకు అతనికి రుణపడి ఉంటాను.