నూనె చుక్కల జాడ

కొండమీద వాళ్ళకు బండి నడపడం రాదని ఒకాయన పదిమంది ఎదుట నాతో అన్నాడు. తొంభైల చివరి మాట ఇది. అప్పుడు ఆయన వెనక గోడమీద ఏ దేవుడి పటం ఉందో, నవ్విన ముగ్గురిలో ముందు ఎవరు నవ్వారో నాకింకా గుర్తుంది. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. "పెళ్ళిలో మా బాబాయి రెండోసారి వంకాయకూర వడ్డించలేదని ఈయన ఇప్పటికీ వాళ్ళ గుమ్మం తొక్కరు" అని చుట్టాలందరికీ చెబుతుంది. వడ్డించలేదన్నది మాత్రం నిజం.

అప్పట్లో నేను అరకులోయకు అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. పసిపిల్లలకు టీకాలు వేయడం నా పని. దగ్గర ఊళ్ళు నర్సమ్మ చూసుకునేది, దూరపు ఊళ్ళు నావి. అన్నిటికంటే దూరపు ఊరికి జీపు వెళ్ళదు. నడిచి వెళితే సగం రోజు పట్టేది, ఈలోగా పెట్టెలో ఐసు కరిగిపోయేది. చల్లదనం పోయిన మందు నీళ్ళతో సమానం. రెండుసార్లు అలా పెట్టె తెరవకుండానే తిరిగొచ్చాను. అందుకే మోటారు సైకిలు కొన్నాను. దానిమీద గంటన్నరలో ఆ ఊరు చేరేవాణ్ణి.

ఒక శుక్రవారం బండిని కొండ దింపి, టౌనులో కొన్న షోరూముకే ఫ్రీ సర్వీసింగుకు తీసుకెళ్ళాను. ఆయిలు మార్చారు, చెయిను బిగించారు, కడిగి తళతళలాడించి ఇచ్చారు. ఘాట్ రోడ్డు సగం పైగా ఎక్కాక ఇంజను కీచుమని అరిచి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి లోయవైపు జారింది. రెండు కాళ్ళూ నేలకు తన్ని ఎలాగో ఆపాను. వంగి చూస్తే ఇంజను అడుగున, ఆయిలు దించే బోల్టు ఉండాల్సిన చోట, కన్నం ఉంది.

బొర్రా వైపు దారి చీలే చోట ఒక టీకొట్టు ఉంది. అక్కడిదాకా తోసుకెళ్ళి బండిని నిలబెట్టి, దిగే బస్సెక్కి మళ్ళీ షోరూముకు వెళ్ళాను.

"రాయి తగిలుంటాది" అన్నాడు షోరూము యజమాని, నేను చెప్పడం పూర్తవకుండానే.

"బండి చూడకుండా ఎలా చెబుతారు?"

"ఏటి సూడాలండీ బాబూ? మీ ఏజెన్సీ రోడ్లు నాకు తెలవవా? మేం బంగారంలాటి బండిని పంపిస్తాం, మీరు దున్నపోతుని తోలినట్టు తోల్తారు. కొండమీదోళ్ళకి బండి నడపడం రాదు గానీ మా పేణాలు తియ్యడం మా బాగా వచ్చు."

నవ్వులు. గోడ దగ్గర నిలబడ్డ మేస్త్రీ మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో పానా పట్టుకుని నేలవైపు చూస్తున్నాడు.

"మీవాళ్ళు బోల్టు సరిగా బిగించలేదు. ఇంజను మీరే బాగుచేయాలి. తప్పు మాదేనని జాబ్‌కార్డు మీద రాయాలి."

"రుజువేటి?"

నా దగ్గర రుజువు లేదు. సొంతంగా ఇంజను విప్పించే స్తోమతా లేదు. టీకాల రోజు బుధవారం.

సాయంత్రానికి మళ్ళీ టీకొట్టు చేరాను. నా బండి పక్కన ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ దూరపు ఊరి మనిషే, బొర్రా దగ్గర కూతురింటికి వచ్చి తిరిగి వెళుతున్నాడు. ఆ ఊళ్ళో నన్ను సూదిబాబు అంటారు.

"ఏటి సూదిబాబూ, బండి సచ్చిపోనాదా?"

అంతా చెప్పాను. ఆయన కన్నంలో వేలు పెట్టి వాసన చూశాడు. చుట్టూ తడిమాడు.

"రాయి తగిల్తే గీత ఉండాల. నేదు."

"నేనూ అదే చెప్పాను తాతా. రుజువు కావాలట."

"మరి ఎనక్కెల్లి సూద్దుం."

"ఏం చూస్తాం?"

"అడివిపందికి బాణం ఎక్కడ తగిలినాదో ఎలాగ తెలుస్తాది? రగతం మొదటి సుక్క ఎక్కడ పడితే అక్కడే. నీ బండి రగతం నూనే కదా. తెల్లారగానే ఎల్దుం, మబ్బేసింది."

నిజమే, పడమటి కొండమీద నల్లగా మబ్బు పట్టింది. వాన పడితే చుక్కలన్నీ కొట్టుకుపోతాయి. అవి కాఫీ తోటలు పూతకు వచ్చే రోజులు. ఒక్క వాన పడితే చాలు, పదిరోజుల్లో కొమ్మలన్నీ తెల్లబడతాయి. లోయంతా ఆ వాన కోసం చూస్తోంది. నేనొక్కణ్ణే వద్దు వద్దని మొక్కుతున్నాను.

"వాన వద్దనే మనిషిని నిన్నే సూసినాను బాబూ" అంది టీకొట్టావిడ. "నీ మొక్కు ఫలిస్తే మా తోట కాడికి రాకు."

మర్నాడు తెల్లవారగానే దిగువకు నడక మొదలుపెట్టాం. బండి ఆగిన చోట ఒక్క చుక్క లేదు. ఒక మలుపు, రెండు, ఐదు, ఏమీ లేదు. నాకు నీరసం వచ్చింది. ముసలాయన మాత్రం ఆగలేదు.

"రగతమంతా కారిపోనాక జంతువు పొడిగానే పరిగెడతాది. ఇంకా కిందన ఉంటాది, నడు."

కల్వర్టు దాటాక ఉంది. రోడ్డుమీద చాపంత నల్లటి మరక. ఆయన పక్కనున్న గడ్డిలో కర్రతో కెలికి, నవ్వుతూ బోల్టు తీసి నా చేతిలో పెట్టాడు. వాషరు దానికే ఉంది. తలమీద చిన్న గీత కూడా లేదు. అక్కణ్ణుంచి కిందకు ప్రతి మలుపులోనూ కంది గింజంత చుక్కలు, దుమ్ము అంటుకుని. నాకు కనబడనివి కూడా ఆయన కర్ర మొనతో చూపిస్తూ పోయాడు.

ఘాట్ దిగాక బస్సెక్కాం. ఆయన రెండుచోట్ల బస్సాపించి దిగి రోడ్డు చూశాడు. కండక్టరు విసుక్కున్నాడు.

"ఏటి తాతా, రూపాయి పడిపోనాదా?"

"నాది కాదు, ఈ బాబు మాట పడిపోనాది" అని మళ్ళీ ఎక్కాడు.

మేం షోరూము చేరేసరికి చల్లగాలి మొదలైంది. గేటు ముందు సిమెంటు వాలుమీద చుక్కలున్నాయి. లోపల, నా బండికి స్టాండు వేసిన చోట అరచేతంత మరక ఉంది. యజమాని బయటికొచ్చాడు.

"బండ్ల షెడ్డులో నూనె మరకలుండక పసుపు మరకలుంటాయేటి?"

ఇంత దూరం వచ్చి ఇక్కడ ఓడిపోయానే అనుకున్నాను. ముసలాయన తొందరపడలేదు. కర్ర నేలమీద ఆనించాడు.

"ఇది నిలబడ్డ బండిది. ఒప్పుకుంతాను. ఇలగ రా బాబూ. ఇది గేటు దాటినాది. గేటు దాటి కుడికి తిరిగినాది. సుక్కకి తోకుంది సూడు, బండి ఏపు ఎల్లిందో ఆ ఏపే సాగినాది. మీ వీధిలో ఏ రాయి తగిలినాది సెప్పు?"

యజమాని జవాబు చెప్పేలోపు వెనకనుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"నేనేనండీ. బోల్టు సేత్తో తిప్పి పెట్టినాను. ఈలోగా ఎవరో పిలిసినారు. వచ్చి పానాతో బిగిద్దుమనుకుని మరిసిపోనాను. నిన్ననే సెబుదుమనుకున్నాను, దయిర్నం సాల్లేదు."

యజమాని ప్యాంటు మోకాళ్ళదాకా లాక్కుని, ముసలాయన పక్కన వంగి, ఒక్కో చుక్కా చూసుకుంటూ వీధి మలుపుదాకా వెళ్ళాడు. కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అటునుంచి వస్తుండగా మొదటి వానచినుకు సిమెంటు మీద పడింది.

"తప్పు మాదే తాతా" అన్నాడు, అందరికీ వినబడేలా.

"అది నాకు చెప్పాలి" అన్నాను నేను.

"ఆయనకి సెప్పినాను కదండీ, మీరూ ఇన్నారు కదా."

వినడం వేరు, చెప్పించుకోవడం వేరు. ఆ తేడా నేను ఇప్పటికీ వదల్లేదు. కానీ జాబ్‌కార్డు మీద 'బోల్టు బిగించలేదు, తప్పు మాది' అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

యజమాని మేస్త్రీవైపు తిరిగి ఏదో అనబోయాడు. ముసలాయన అడ్డుపడ్డాడు.

"ఆణ్ణి పనిలోంచి తియ్యకు బాబూ. నిజం సెప్పినోణ్ణి తీసేత్తే రేపు నీకు నిజం ఎవుడు సెప్తాడు?"

తీయలేదు. ఆదివారం ఆ మేస్త్రీనే సామాన్లతో కొండెక్కించాడు. టీకొట్టు పంచలో, వాన హోరులో రెండు రోజులు కూర్చుని ఇంజను విప్పి బిగించాడు. చివర బోల్టు బిగించాక పానా నా చేతికిచ్చి, "మీరూ ఓపాలి సూడండి బాబూ" అన్నాడు. బలమంతా పెట్టి చూశాను. కదల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నెలకోసారి సంతరోజున ఆ షోరూమువాళ్ళు అతన్నే అరకు పంపేవారు. ఎవరి బండి బాగుచేసినా చివరకు పానా వాళ్ళ చేతికే ఇచ్చేవాడు. సంతలో యజమాని ఎప్పుడైనా ఎదురైతే "బండి ఎలాగుందండీ?" అనేవాడు. "బోల్టు ఉంది" అనేవాణ్ణి. మొదట్లో ఆయనొక్కడే నవ్వేవాడు. రెండేళ్ళకు నేనూ నవ్వాను.

ఆ బుధవారం పొద్దున్నే పెట్టె కట్టుకుని బయలుదేరాను. దారి పొడుగునా కాఫీ కొమ్మలమీద మొగ్గలు తెల్లబడుతున్నాయి, తడిమట్టి వాసనతో ముక్కుపుటాలు నిండిపోయాయి. ఊరి మొదట్లోనే ముసలాయన మనవరాలిని చంకనేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను పలకరించక ముందే వంగి ఇంజను అడుగు చూశాడు.

"ఉన్నాది" అన్నాడు.

పెట్టె తెరిచాను. ఆయన ఐసు మీద వేలు పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు. తడి వేలిని మనవరాలి బుగ్గకు ఆనించాడు. అది కెవ్వుమంది. ఇంకా నేను సూది తీయనేలేదు.