జానెడు గొంగడి

వాన మొదలైతే మా ఇంట్లో తడిసిన ఉన్ని వాసన వస్తుంది. దానితోపాటు గొంగడికి పట్టించిన చింతగింజల గంజి వాసన కూడా. ఆ రెండూ కలిసి తగలగానే నాకు నల్లగొండలో రషీద్ డాక్టరు గారి చిన్న గది గుర్తొస్తుంది. ఆయన మనసు జబ్బులకు వైద్యం చేసేవారు.

మా బాపు దేవరకొండ దగ్గరి పల్లెలో గొంగళ్లు నేసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో చదువుతుండగా ఆయనకు ఎవరూ అనని మాటలు వినబడడం మొదలైంది. తిండి తగ్గింది. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. బాపును కన్న మా అవ్వ భయపడి గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర దాచింది. పని చేస్తే తల వేడెక్కుతుందని ఆయన కాళ్లు దింపి కూర్చుని నేసే మగ్గం గుంట మీద బల్లలు పరిచారు. పట్నంలోని పెద్ద దవాఖానలో వదిలి వద్దామన్నాడు పెదనాయన. ఒక్కసారి నల్లగొండలో చూపిద్దామని నేను బతిమాలాను.

మోటారులో లోపం ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటున్న రోజులవి. అదే తీరుగా నిద్ర, ఆకలి, మాట, భయం అంటూ డాక్టరు గారికి వరుసగా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"గివన్ని బీమారి ముచ్చట్లు బేటా. మీ బాపు ముచ్చట చెప్పు. ఏం పని చేస్తడు? ఎవరితోని కూసొని తింటడు?"

మగ్గం సంగతి, కత్తెర సంగతి చెప్పాను. ఆయన అవ్వ వైపు తిరిగారు.

"నీ కొడుకు ఎవర్నన్న కొట్టిండా అవ్వా?"

"లేదయ్యా. అయినా పిచ్చోని చేతికి కత్తెర ఎట్లిస్తం?"

"నేను గీడనే ఉన్న," అన్నాడు బాపు. చాలా రోజులకు ఆయన మాట విన్నాం.

డాక్టరు గారు నవ్వారు. "ఇన్నవా అవ్వా? మనిషి గీడనే ఉన్నడట."

గోలీలు రాసిచ్చి, మానొద్దన్నారు. కత్తెర కొన్నాళ్లు అవ్వ దగ్గరే ఉండనిమ్మన్నారు. మగ్గం గుంట మాత్రం తెరవమన్నారు, బాపు పక్కన కూర్చుని తినమన్నారు. బేస్తారం, అంటే గురువారం నాడు, దర్గాకు తీస్కపోవచ్చునా అని అవ్వ జంకుతూ అడిగింది.

"పోండ్రి. గోలీ ఏసుకొనే పోండ్రి. " బాపు వైపు తిరిగారు. "అన్నా, మళ్ల వచ్చేటప్పుడు జానెడు నేసుకొని రా."

బాపు నేసిన ఆ మొదటి జానెడు పట్టీ అంచులు వంకరటింకరగా వచ్చాయి. చూపించొద్దని అవ్వ సంచిలో అడుక్కి తోసింది. డాక్టరు గారు అడిగి తీయించి బల్ల మీద పరిచారు.

"చేతులు వణుకుతున్నయా అన్నా?"

బాపు తలూపాడు. జబ్బు ముదిరిందనుకున్నాం మేం. గోలీలు ఆపి పట్నం తోలుదామని పెదనాయన అప్పటికే అన్నాడు.

"గిది గోలీ పని. జర తగ్గిస్త. ఆపితే మాత్రం మళ్ల మొదటికొస్తది. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ తర్వాత ప్రతిసారీ ముందు నేత చూసేవారు, తర్వాత మందు రాసేవారు. అంచులు మెల్లగా తిన్నబడ్డాయి. పెదనాయన పట్నం మాట ఎత్తడం మానేశాడు. కొన్నాళ్లకు అవ్వే కత్తెర తెచ్చి బాపు ముందు పెట్టింది. "మొద్దుబారింది, నూరుకో," అని మాత్రం అంది.

జబ్బు పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు తిరిగొస్తుంది. రషీద్ డాక్టరు గారు ఇప్పుడు లేరు. కొత్త డాక్టరు బాపు చేతిలోని పట్టీ చూసి ఏమిటిదన్నాడు.

"నా రిపోర్టు సార్," అన్నాడు బాపు.

నేను బావుల దగ్గర మోటార్లు బాగుచేస్తున్నాను. చెడ్డ మోటారు బండిలో వేసుకుని రైతు వస్తే, అన్నం తిన్నవా అని అడుగుతాను. మోటారు మూత విప్పేది ఆ తర్వాతే.