ఖాజామియా ఆగే చోటు

దయ్యాల కథలంటే నాకు నవ్వు. మీటరు చూపించనిదాన్ని నమ్మే ఉద్యోగం కాదు నాది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర్లో తాండూరులో రాళ్లు కోసే రంపాలు తయారుచేసే షెడ్డు ఒకటి. రంపం అంచుకు వజ్రపు పొడి కలిపిన ముక్కలు అతికించాలి. రాగి చుట్టలోకి హై ఫ్రీక్వెన్సీ కరెంటు పంపితే అంచు ఎర్రగా కాగి అతుకు కరుగుతుంది. కాగేకొద్దీ ఫ్రీక్వెన్సీ మారుతుంది, దానికి తగ్గట్టు నాబ్ తిప్పాలి. అక్కడి పాత పనివాడు ఖాజామియా, యంత్రం కూత విని దాన్ని తిప్పేవాడు. ఆ పని మైక్రోప్రాసెసర్ బోర్డుతో చేయించడానికి నన్ను హైదరాబాదు నుంచి పంపారు. బోర్డు నడిస్తే ఖాజామియా అక్కర్లేదని షెడ్డు యజమాని సేటు ముందే చెప్పాడు.

వారం పక్కన నిలబడి ఆయన చేతి కదలికలన్నీ రాసుకున్నాను. ప్రతి ముక్కకూ సగంలో పవర్ తగ్గించి, "బిస్మిల్లా" అనుకుని మళ్లీ పెంచేవాడు. ఏదో అలవాటులే, టైము దండగ అని దాన్ని ప్రోగ్రాములో పెట్టలేదు.

ఇంతలో ఆయన ఛాతీ జబ్బుతో వికారాబాద్ ఆసుపత్రిలో చేరాడు. నేను బోర్డు బిగించాను. దానిమీద చేసిన మొదటి రంపానికి మూడో రోజే ముక్క ఊడి, రాళ్ల కోత మిషన్ నడిపే ఎల్లప్ప చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"జర ఇటు తగిలుంటే నా పిల్లలు ఏం గావాలె సారూ?" అన్నాడు. ప్రోగ్రామంతా మళ్లీ చదివాను. తప్పెక్కడుందో దొరకలేదు. సేటు మాత్రం ఇంకో రంపం ఆ రోజే కావాలన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టాను. మొదటి ముక్క సగం కాగగానే యంత్రం కూత తగ్గింది. నాలుగైదు సెకన్లు ఆగి, తనంతట తానే మళ్లీ పెరిగింది. నేను దేన్నీ ముట్టుకోలేదు. బయటి లైను వోల్టేజీ కదల్లేదు. తర్వాత ప్రోగ్రామున్న చిప్పు తీసి అంకె అంకె పోల్చాను, నేను రాసిందే ఉంది. పదహారు ముక్కలకూ అదే జరిగింది. సుత్తితో కొట్టి చూస్తే ఒక్కటీ ఊడలేదు. ఆగింది మాత్రం సరిగ్గా ఖాజామియా ఆగే చోటే.

మర్నాడు రైలెక్కి వికారాబాద్ వెళ్లాను. ఖాజామియా నిద్రలో ఉన్నాడు. నేనింకా నోరు తెరవకముందే ఆయన భార్య చెప్పింది.

"నిన్న రెండు గొట్టంగ నిద్రల్నే చెయ్యి గిట్ల తిప్పుడు వెట్టిండు బేటా. నడుమ ఆగి బిస్మిల్లా అంటడు, మళ్ల తిప్పుతడు. నాకు మస్తు భయమైంది. చేతిల తస్బీ ఉండె, పూసలు జరుపుకుంట లెక్కవెట్టిన. పదహారు సార్లు."

ఆ విరామంలో వేడి అంచంతా సమంగా పాకుతుందని, అతుకు గట్టిపడుతుందని తర్వాత నాకు అర్థమైంది. ఆ మధ్యాహ్నం నా బోర్డును ఎవరు ఆపారో మాత్రం ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చి ఆ విరామాన్ని ప్రోగ్రాములో రాశాను. ఇక ముక్కలు ఊడలేదు. రెండు నెలలకు ఖాజామియా కోలుకుని పనికోసం వచ్చాడు. సేటు గేటు దగ్గరే ఆపి ఏదో చెబుతున్నాడు. నేను లోపల యంత్రం పక్కనే ఉన్నాను. బయటికి రాలేదు.