ప్రెసిడెంటు గారితో ఒట్టావాకు

ఒట్టావాకు జనం గడ్డకట్టిన కాలువ మీద స్కేటింగు చేయడానికి వెళతారు. మేము భయపడడానికి వెళ్ళాం. ఆ పని మా కాలేజీ ఉన్న ఓక్‌విల్‌లో ఉండి కూడా చేసుకోవచ్చు గానీ, రాజధానిలో భయపడితే దానికొక హోదా ఉంటుంది.

మా కాలేజీ సప్లై చెయిన్ కోర్సును సగంలో మూసేసింది. కోర్సు లేకపోతే స్టడీ పర్మిట్ ఉండదు, పర్మిట్ లేకపోతే ఈ దేశంలో మనం ఉండం. ఆ కోర్సులో నేనూ ఉన్నాను. ఈ సంగతి ఎంపీల కమిటీ ముందు చెప్పడానికి మా స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంటు స్రవంతక్కకు పిలుపు వచ్చింది. ఆమెకు మీడియా సలహాదారుగా నేను వెంట వెళ్ళాను. అంటే, ఆమె ఫోనులో చార్జింగు అయిపోకుండా చూసుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం ఆరున్నరకు ఓక్‌విల్‌లో లోకల్ ట్రైను ఎక్కి టొరంటోలో దిగాం. ఎనిమిదిన్నరకు ఒట్టావా బండి. నెల ముందు కొంటే టికెట్టు చవక. మేము ముందురోజు కొన్నాం, ఎందుకంటే అప్పటిదాకా వెళ్ళాలా వద్దా అన్నదే తేలలేదు.

స్రవంతక్కది కరీంనగర్. ఆమె రాజకీయ జీవితం టెంటుతో మొదలైంది. రెండేళ్ళ కిందట ఒక లెక్చరరు క్లాసంతటినీ ఫెయిల్ చేస్తే, అప్పటి యూనియన్ 'పరిశీలిస్తాం' అని ఊరుకుంది. ఈమె గేటు ముందు మంచులో టెంటు వేసుకుని కూర్చుంది. మొదటిరోజు ప్రతిపక్షమంతా ఆమె ఒక్కతే. మర్నాడు పంజాబీ కుర్రాళ్ళు టీ ఫ్లాస్కులతో వచ్చి చేరారు. చివరికి కాలేజీ మళ్ళీ పరీక్ష పెట్టింది. ఆ ఊపులో ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆమెకు గొంతు ఉండేది. అధికారంలోకి వచ్చాక గది ఇచ్చారు, హీటరుతో సహా.

గత నెల మా కోర్సువాళ్ళం ఆ గది ముందే బైఠాయించి, ఆమె టెంటు నినాదాలే ఆమెకు వినిపించాం. తలుపు తీసి చూసి, "నా స్లోగన్లు నాకే చెప్తున్రా? లోపలికి రాండ్రి, చలి పెడ్తది" అంది.

మా ఎదుటి సీటులో ఊలు అల్లుకుంటున్న ఒక తెల్ల పెద్దావిడ, నేను మాటిమాటికీ అంటున్న 'ప్రెసిడెంటు గారు'లో ప్రెసిడెంటు ఒక్కటే అర్థమై, "ఏ దేశానికి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"దేశం ఇంకా దొరకలేదండీ. ప్రస్తుతానికి కాలేజీకి," అన్నాను.

"నువ్ కాసేపు నోరు మూసుకొని కూసో," అంది స్రవంతక్క. కింగ్‌స్టన్ దాటేదాకా కూర్చున్నాను.

అప్పుడు ఆమే చెప్పింది. శుక్రవారం కాలేజీలో ఒక పెద్ద అధికారిణి పిలిచి కాఫీ ఇచ్చిందట. "నీ పర్మిట్ రిన్యూవల్‌కు నువ్విక్కడ చదువుతున్నావని మా కన్ఫర్మేషన్ కావాలి కదా, అది నా టేబుల్ మీదే ఉంది. ఒట్టావాలో అంతా సవ్యంగా ఉందని చెప్పి రా, వచ్చాక చూద్దాం," అని నవ్వుతూ చెప్పిందట.

"తిడితే నేనూ తిట్టేదాన్నిరా. నవ్వింది. ఏం జెయ్యాలె?" అంది. ఆమె చేతిలో సమోసా పొట్లం విప్పకుండా అలాగే ఉంది. మంచులో పడుకున్న మనిషి భయపడడం నేను చూసింది అదే మొదలు. నాకున్న కాస్త ధైర్యం ఆమె దగ్గర అరువు తెచ్చుకున్నదే కాబట్టి, అది కూడా దిగిపోయింది.

ఒంటిగంటకు ఒట్టావా శివారులో ఉన్న ఫాలోఫీల్డ్ స్టేషన్‌లో దిగాం. అక్కడికి దగ్గర్లో కనాటాలో ఉండే సుబ్బారావు అంకుల్ కారు తెచ్చారు. టెలికాంలో పనిచేసి రిటైరైన కాకినాడ మనిషి. ఎరగని పిల్లలకు కూడా ఇంట్లో చోటిస్తారని పేరు. ఆంటీ పెసరట్లు వేశారు. స్రవంతక్క ఒకటి తింది. నాకు భయమేస్తే ఆకలేస్తుంది, కాబట్టి నా లెక్క వేరు.

"రిన్యూవల్ పెండింగ్‌లో ఉండగా ఇదంతా అవసరమా అమ్మా?" అన్నారు అంకుల్, ఫ్రిజ్‌లో గవర్నమెంటు కూర్చుని వింటున్నట్టు గొంతు తగ్గించి.

"మీరు ముప్పయ్యేళ్ళ బట్టి సిటిజనే కదండీ, మీరెందుకు గుసగుసలాడతారు?" అన్నారు ఆంటీ, గుసగుసగానే.

మంగళవారం ఎనిమిదికి సిటీ బస్సు ఎక్కాం. డౌన్‌టౌన్‌కు గంట ప్రయాణం. కమిటీ భవనం మెట్ల కింద మా కోర్సువాళ్ళు పదిమంది దాకా అట్టలు పట్టుకుని నిలబడ్డారు. అట్టల మీద రాతలు బాగున్నాయి. మనుషులే కనపడరు. ఫోటోలో పడితే ఫైలుకు ముప్పు అని ఎవరికివారే నిర్ణయించుకుని, మొహాలకు అడ్డంగా పట్టుకున్నారు. దూరానికి అట్టలే కాళ్ళు మొలిచి వచ్చి ధర్నా చేస్తున్నట్టుంది. ఒకడు ముందురాత్రి షిఫ్టు దిగి, అటునుంచి అటే బస్సెక్కి వచ్చాడు. మొహాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు, గుండెల మీద మాత్రం పేరున్న స్టోర్ బ్యాడ్జి మెరుస్తోంది.

స్రవంతక్క నవ్వలేదు. దగ్గరికెళ్ళి బ్యాడ్జి పీకి వాడి జేబులో వేసింది.

"అక్కా, నా పేరు ఎక్కడా చెప్పకు," అన్నాడు అట్ట వెనకనుంచి.

"చెప్పను తమ్మీ."

లోపల ఆమె మాట్లాడింది అయిదు నిమిషాలే. కోర్సు ఎలా మూసేశారో చెప్పింది. కమిటీ అధ్యక్షురాలు శ్రద్ధగానే విని, "బాధితుల పేర్లు కావాలి. పేర్లు లేకపోతే ఇది వదంతి కింద పోతుంది. సాయంత్రంలోగా మెయిల్ చేయగలరా?" అంది.

స్రవంతక్క మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంది. తాగకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టేయడం వెనక వరసలో ఉన్న నేను చూశాను.

"మొదటి పేరు నాదే రాసుకోండి," అంది. "నాది వేరే కోర్సు. కానీ ఇక్కడ నిజం చెప్తే నా పర్మిట్ కాగితం ఆగిపోతుందని నాకు నవ్వుతూ చెప్పారు." శుక్రవారం కాఫీ దగ్గర జరిగిందంతా చెప్పేసింది. అక్కడి మాటలన్నీ టైపు చేసే అతను ఒకసారి తలెత్తి చూశాడు.

బయటికి వచ్చి మావాళ్ళకు జరిగింది చెప్పింది. పేర్లిమ్మని మాత్రం ఎవరినీ అడగలేదు. అట్టలన్నీ ఇంకాస్త పైకి లేచాయి.

మూడు గంటలకు తిరుగు బండి. స్మిత్స్ ఫాల్స్ దగ్గర ఆమె ఫోను మోగింది: 'అక్కా, నాది రాయి.' బ్యాడ్జి కుర్రాడు. బ్రాక్‌విల్ చేరేసరికి ఇంకో ముగ్గురు. కింగ్‌స్టన్ వచ్చేసరికి వాళ్ళలోనే ఒకడు, 'మా బావ వద్దంటుండు, తీసెయ్ అక్కా' అన్నాడు. వెంటనే తీసేయమంది. టైపు చేస్తున్నది నేనే, సలహాదారును కదా.

ఒట్టావా వెళ్ళదలచిన వారికి చెప్పవలసిన మాట: ఊరు బాగుంటుంది, మెట్లు ఎక్కువ, లోపల మంచినీళ్ళు ఇస్తారు. భయం తగ్గుతుందని మాత్రం వెళ్ళకండి. మాకు తగ్గలేదు. బండిలో స్రవంతక్క రిన్యూవల్ స్టేటస్ తీసి చూసి మూసేసింది, మళ్ళీ తీసింది. ఆ కాగితం వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు.

"అందరివీ రాసినవా?" అని అడిగింది, కిటికీలోంచి చూస్తూనే.

"వచ్చినవన్నీ రాశానక్కా."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలట. నేను పుట్టినప్పుడు ఇంట్లో ఎవరి దేవుణ్ణి వాళ్ళు కలిపి, వెంకట సత్య దుర్గాప్రసాద్ అని పెట్టారు. ఇన్నేళ్ళూ ప్రసాద్‌తో సరిపెట్టుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం, జాబితా చివర నా పేరు ఒక్కొక్క అక్షరం నొక్కుతుంటే, మిగతా దేవుళ్ళందరి అవసరమూ పడింది.