రేకుల ఇంటి ముందు ఎర్రచందనం

మొన్న నాగర్‌కర్నూలులో మా పక్కింటామె కూతురికి సెగ్గడ్డ లేస్తే, పట్టు వేయడానికి సానరాయి మీద ఎర్రచందనం చెక్క అరగదీస్తూ కూర్చుంది. మంచిగంధానికి ఉన్నంత పరిమళం ఆ చెక్కకు ఉండదు; తడిసిన రాయి వాసనే ఎక్కువ, దాని వెనక ఎక్కడో సన్నగా చెక్క వాసన. అయినా ఆ ఎర్రటి ముద్దను చూడగానే నేను అడగడానికి వెళ్లిన మాట మరిచిపోయి, గద్వాలలో మా రేకుల ఇంటి వాకిట్లోకి వెళ్లిపోయాను.

ఆ ఇంటికి ఒక పక్క రోజంతా మగ్గం చప్పుడు, ఇంకో పక్క మేకల అరుపులు. దసరా వెళ్లగానే మా వీధి మొగుడూ పెళ్లాలు చాలామంది, కూలీలను దూరప్రాంతాలకు తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట పనులకు వెళ్లిపోయేవారు. మా ఇంట్లో నాయిన ఒక్కడే వెళ్లేవాడు. నా కోసం అమ్మ ఉండిపోయి, పల్లి చేలల్లో కూలికి పోయేది. తొలకరి మబ్బులు కమ్మేవేళకు నాయిన తిరిగి వచ్చేవాడు. ఒకసారి చాప, ఒకసారి నాకు రబ్బరు గాజులు, ఏదో ఒకటి చేతిలో లేకుండా వచ్చేవాడు కాదు. నేను రెండో తరగతిలో ఉన్న ఏడు మాత్రం కడప దిక్కున ఒక తోటలో గుంతలు తవ్వే పని ముగించుకుని, అక్కడ నాటగా మిగిలితే ఇచ్చిన జానెడు మొక్కను నల్ల కవరులో తెచ్చాడు. కర్నూలులో బస్సు మారినప్పుడూ, తుంగభద్ర దాటినప్పుడూ దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని, తాగే నీళ్లే చిలకరించుకుంటూ వచ్చాడట.

"ఏంది నాయినా గిది?" అన్నాను నేను, నాకేమీ తేలేదన్న ఉక్రోషంతో.

"ఎర్రచందనం బిడ్డా. అడవిలుంటది. మనిల్లు దాటి ఇంతెత్తు లేస్తది సూడు" అని చెయ్యి పైకెత్తి, మునివేళ్ల మీద కూడా లేచాడు.

నాటింది నాయినే గానీ పెంచింది అమ్మ. మా వాకిలిది నల్లరేగడి. వానకు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. మొదటి వానలకే ఆకులు పసుపుబారితే, అమ్మ మొక్కను మట్టిబెడ్డతో సహా పైకి తీసి, ఊరి బయట గుట్ట కింది గరుసు మట్టిని తట్టలతో మోసుకొచ్చి గుంత నింపి, మళ్లీ నాటింది. మేకలకు అందకుండా తుమ్మకంప చుట్టింది. చెదలు పట్టకుండా పొయ్యిలో బూడిద చల్లేది. నల్లా రాని ఎండాకాలంలో బియ్యం కడిగిన నీళ్లు, నా తలస్నానం నీళ్లు, అన్నీ చూసి చూసి దాని మొదట్లో పోసేది. పోసి ఊరుకోదు, "తాగు, మల్ల రేపు నీళ్లుండవు" అని ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పేది.

చలికాలం చివర ఆకులన్నీ రాలి, చెట్టు చచ్చిపోయిందేమోనని నాకు ప్రతి ఏడూ భయమయ్యేది. ఎండలు ముదిరే ముందు లేత చిగురు, వెంట పసుపు పూలు, పూల మీద తేనెటీగలు. వాటి రొదలో కూర్చుని నేను జొన్నరొట్టె, పల్లికారం తినేదాన్ని. తరువాత చుట్టూ పలచని రెక్క ఉన్న గుండ్రటి కాయలు వచ్చేవి. మగ్గమోళ్ల పిల్లా నేనూ అవి బొమ్మలకు కంచాలుగా పెట్టి, సత్తుపిండి చిటికెడు చిటికెడు వడ్డించేవాళ్లం. మా ఇద్దరికీ కడుపు నిండాక మిగిలిందే బొమ్మలకు.

నేను ఏడో తరగతికి వచ్చిన ఎండాకాలంలో గాలిదుమారానికి చెట్టు కొన కరెంటు తీగకు తగిలి నిప్పురవ్వలు రాలాయి. మర్నాడు కరెంటాయన గొడ్డలితో వచ్చాడు.

"మొదలుకు కొట్టేస్తనక్కా. రేపు ఇల్లు అంటుకుంటే ఎవరి మీదికొస్తది?"

అమ్మ చెట్టుకు అడ్డం నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. "అన్నా, తీగకు అందకుంట ఉంటే నీకు సమ్మతమేనా? తల నేనే కోస్త. ఏటేటా కోస్త. తగిలిందంటే నువ్వొచ్చి మొదలే కొట్టు" అంది. అతను తీగనూ అమ్మనూ చూసి, తన నిచ్చెనే తెచ్చి వేశాడు. అమ్మ కొంగు దోపుకుని ఎక్కి రంపంతో కోసింది. కోసినచోట ఎర్రటి రసం ఊరి కాండం మీదుగా జారుతుంటే నేను బావురుమన్నాను. అమ్మ పేడ పిసికి ఆ గాయానికి మెత్తి, దిగి వచ్చి, కొంగుతో నా మొహం తుడిచింది.

కొద్ది రోజులకే నాయిన వచ్చాడు. తన చెట్టు ఎత్తు గురించి గుంపులో అందరికీ చెప్పుకున్న మనిషి. సంచి దించకుండానే నిలబడిపోయాడు.

"పానం తీసినవ్ గదనే!"

"తల తీసిన. పానం తియ్యలే. మొదలుకే కోస్తమన్నరు, నువ్వుంటివా అడ్డం నిలవడనీకె?" అంది అమ్మ. ఆ పూట నాయిన అన్నం తినలేదు. ఆ ఏడు మళ్లీ పనికి పోయేదాకా చెట్టు వైపు చూడలేదు.

పోయినవాడు ఈసారి తొలకరి దాకా ఆగలేదు. ఎండలు మొదలవుతుండగానే, కడుతున్న ఇంటి సెంట్రింగు మీది నుంచి పడి తొడ ఎముక విరిగితే, గుంపువాళ్లు జీపులో తెచ్చి దించారు. కదలకుండా పడుకోవాలని దవాఖానలో చెప్పారు. రేకుల కింద పెనం మీద ఉన్నట్టుండేది. అమ్మ, మగ్గమాయన కలిసి మంచాన్ని నాయినతో సహా చెట్టు కిందికి మోశారు. తల తీసిన చెట్టు పైకి పోలేక పక్కలకు సాగి, అప్పటికే చిగురేసి గొడుగులా గుబురుకట్టింది. పొద్దు తిరిగినకొద్దీ మంచాన్ని నీడలోకి జరపడం బడి నుంచి వచ్చాక నా పని.

ఒక ఉదయం నాయిన గట్టిగా పిలిస్తే నొప్పి ఎక్కువైందేమోనని ఇద్దరం ఉరికాం. దుప్పటి నిండా, మీసాల మీద కూడా పసుపు పూలు.

"ఇది పూస్తదా?"

"ఏటేటా పూస్తది" అంది అమ్మ. "నువ్వుండవు."

నాయిన చెయ్యి మొహం మీద అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటి వరకూ తియ్యలేదు. అమ్మ వెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది. పూలు రాలుతూనే ఉన్నాయి.

కాలు కుదురుకుంది గానీ కుంటు మిగిలింది. నాయిన మళ్లీ గుంపుతో పోలేదు. కాయల రెక్కలు కత్తిరించి, పేడ నీళ్లలో నానబెట్టి, మొక్కలు లేపే పనిలో పడ్డాడు. చాలావరకు మొలిచేవి కావు. మొలిచిన రోజు మాత్రం వీధి వీధంతా వచ్చి చూడవలసిందే. బొప్పాయి, మునగ మొక్కలతో పాటు వాటినీ సైకిలు మీద సంతకు తీసుకుపోయేవాడు. ఆకు రాలే కాలంలో చెట్టు మీద రంపం పట్టింది ఆయనే. ఎక్కడ కొయ్యాలో కింద నుంచి చెప్పింది అమ్మ.

నాయిన పోయి కొన్నేళ్లయింది. రేకులు పోయి స్లాబు పడింది. పక్కింటి మగ్గం ఆగిపోయింది. నాతో ఆడుకున్న ఆ ఇంటి పిల్ల పెళ్లయి రాయచూరు వెళ్లింది. వాకిలిలో సగం రోడ్డు కిందికి పోయింది. చలికాలపు తెల్లవారుజామున మూటలతో లారీ కోసం నిలబడే జనమూ, వాళ్ల వెంట పడి ఏడ్చే పిల్లలూ మా వీధిలో ఇప్పుడు లేరు. ఆ ఏడుపు పోయినందుకు నాకు సంతోషమే. నాయిన సైకిలు గంట పోయినందుకు మాత్రం కాదు.

పోయిన ఆదివారం నేను గద్వాల ఇంట్లో ఉండగా ఒక యువకుడు బండి ఆపి, చెట్టు కిందే నిలబడి అది ఏం చెట్టని అడిగాడు. అమ్మ చెప్పింది. అతను పైకీ కిందికీ చూసి, "ఎర్రచందనం మస్తు ఎత్తుంటది గదా అవ్వా, గింత పొట్టిగుందేంది?" అని నవ్వాడు.

అమ్మకు కోపం రాలేదు. చెట్టు నీడలోకి అతని బండిని కూడా జరుపుకోమని చెయ్యి చూపించి, "మాకు కావాల్సినంత పెరిగింది బిడ్డా" అంది.