చేతిలో ఉప్పు

బడా బజార్‌లో ఉప్పు అమ్మినన్నాళ్లూ కూర్మారావు ఎవరి చేతికీ ఉప్పు ఇచ్చి ఎరగడు. చేతిలో పెడితే పగ వస్తుందని బుట్టలోనే పోసేవాడు. మాట్లాడినంతసేపూ అరచేతులు పంచెకు తుడుచుకునేవాడు. అలాంటివాడికి ఒళ్లంతా అమ్మవారు పోస్తే, తమ్ముడు కొండబాబుతో సహా అయినవాళ్లెవరూ గడప తొక్కలేదు. హుమ్మ ఊరి ఉప్పుమళ్లలో బస్తాలు మోసే క్రైస్తవురాలు సారమ్మ వచ్చి, నోట్లో గంజి పోసి బతికించింది. లేచాక ఆమె వెంట ప్రార్థనకు వెళ్లాడు. కొన్నాళ్లకు హుమ్మలోనే పాస్టరయ్యాడు. దుకాణం చేపట్టిన కొండబాబు, అన్న మతం మారాడని మాటలు మానేశాడు.

ఏళ్లు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం మచ్చల ముఖంతో, తెల్లచొక్కాతో కూర్మారావు ఆ దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. అరచెయ్యి పంచెకు తుడుచుకుని చాచాడు.

“ఒరే కొండా, గుప్పెడు ఉప్పెట్రా.”

బజారంతా నోరెళ్లబెట్టింది. కొండబాబు చేతిలోని చేట కింద పెట్టాడు.

“సేతిలోనా? పగొస్తాది అన్నయ్యా!”

ఇన్నేళ్లలో అన్నతో అతనాడిన మొదటి మాట అదే.

“అదెప్పుడో వచ్చీసింది కదరా. ఇంకేటి బయం?”

కొండబాబు గుప్పెడు ఉప్పు తీసి అన్న అరచేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు.